అప్పలనరసమ్మ పలికిన పేరు

ప్రభుత్వానికి అబద్ధం చెప్పడం నేరమైతే, భిలాయి ఉక్కు కర్మాగారం క్వార్టర్లలో పద్దెనిమిదేళ్లపాటు ఆ నేరం చేసింది నేనే. తెలిసి మాత్రం కాదు. మా పక్క క్వార్టర్ అప్పలనరసమ్మ మొగుడి పేరు నోట పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందట. రేషన్ కార్డు దగ్గరైనా, ఆసుపత్రిలో అయినా, జనాభా లెక్కల వాళ్లొచ్చినా నన్ను మోచేత్తో పొడిచేది. "నువ్వు సెప్పు కమలా!" నేను దర్జాగా "శంకరరావు" అనేదాన్ని. శ్రీకాకుళం నుంచి వాళ్ల చుట్టాలొచ్చి ఆయన్ని జోగయ్యా అని పిలుస్తుంటే ముద్దుపేరు కాబోలనుకున్నాను. నా తెలివి అంతటిది మరి.

1979లో ఎవరో పుణ్యాత్ముడు ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. ఆయన శంకరరావు కాదని, చచ్చిపోయిన అన్న సర్టిఫికెట్టుతో ఉద్యోగంలో చేరాడని. ఆయన ఫర్నేసు డ్యూటీలో ఉండగా విచారణకు ఓ ఆఫీసరు క్వార్టరుకే వచ్చాడు.

"పతి కా నామ్ బతాయియే, బాయీ."

మొగుడి పేరే అడుగుతున్నాడు. మోచెయ్యి కోసం చూశాను. పొడవలేదు. తల వంచుకుని కొంగు నలుపుకుంటోంది. సరే, అలవాటేగా, నేనే చెప్పేశాను. ఆఫీసరు రాసుకుని, సాక్షి సంతకం పెట్టమని కాగితం నా ముందుకు తోశాడు. అబద్ధమని తేలితే సాక్షికీ జైలేనన్నాడు. నిజం చెప్పడానికి భయమెందుకని పెన్ను అందుకున్నాను.

అప్పలనరసమ్మ నా చెయ్యి పట్టేసుకుంది.

"పెట్టకమ్మా. నా కోసం నువ్వు జైలుకెల్తావేటి?"

ఆఫీసరు వైపు తిరిగి, వచ్చీరాని హిందీలో అంతా చెప్పేసింది. శంకరరావు తన బావగారట. ఎనిమిదో తరగతి ప్యాసయి, జ్వరంతో పోయాడట. తమ్ముడు నాలుగుతోనే చదువు ఆపేశాడట.

"మేరే ఆద్మీ కా నామ్..." అని ఆగింది. కళ్లు మూసుకుంది. "జోగయ్య."

ఆఫీసరు వెళ్లాక గోడకు చేరగిలబడి ఏడ్చింది. మొగుడి ఉద్యోగం, ఆయుష్షు రెండూ తన నోటితోనే తీసేశానని. ఇన్నేళ్లూ నా చేత బొంకించిందని నాకు ఒళ్లు మండింది. కానీ ఆ సంతకం పెట్టనిస్తే వాళ్లు గట్టెక్కేవాళ్లేమో. నన్ను ముంచి గట్టెక్కడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అది తోచాక ఇంకేం తిడతాను?

జోగయ్య డ్యూటీ దిగి వచ్చి అంతా విన్నాడు. గడప మీద కూలబడ్డాడు.

"ఏటే, నా పేరు పలికీసినావా?" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "మా అన్న పేరు మోసీ మోసీ నా పేరు నానే మర్సిపోనాను."

మర్నాడు తనే వెళ్లి, నాలుగో తరగతి అక్షరాలతో తప్పు ఒప్పుకుని రాసిచ్చాడు. ఐదు నెలలు సస్పెండు చేశారు. ఫర్నేసు ముందు ఇన్నేళ్లూ నిలబడింది సర్టిఫికెట్టు కాదు, ఈ మనిషేనని ఫోర్మన్ సత్యారావు గారు సాక్ష్యం ఇచ్చారు. హోదా తగ్గించి మళ్లీ తీసుకున్నారు. కొత్త గేటు పాసు మీద జోగయ్య అని ఉంది. అప్పలనరసమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.

తర్వాత రేషన్ కార్డులో పేరు మార్పించడానికి ఇద్దరం వెళ్లాం. గుమాస్తా భర్త పేరు అడిగాడు. నా డొక్కలో మోచెయ్యి దిగింది.

"అదేమిటే, ఒకసారి పలికావుగా?"

"అప్పుడు గండం. ఇప్పుడు ఆయన పది కాలాలు బతకాల గదా. నువ్వే సెప్పు కమలా!"

"జోగయ్య!" అన్నాను. వరుసంతా వెనక్కి తిరిగి చూసింది.