సరి సంఖ్యల తలుపులు

థెల్మా ఆర్మరాడ్ ముఖానికి సబ్బు తప్ప మరేదైనా రాసుకోగా నేను పదకొండేళ్లలో చూడలేదు. ఫ్లీట్‌వుడ్‌లో ట్రాము ఆగే చోటికి ఎదురుగా ఉన్న చారిటీ షాపులో మేమిద్దరం మంగళ, గురువారాలు కలిసి పనిచేస్తాం. జీతం లేని పని, అమ్మిన డబ్బు సేవకి పోతుంది. జనం ఇచ్చిపోయిన సంచులు విప్పడం, పాత బట్టలు ఏరి ఆవిరి పట్టి తగిలించడం. ఏ చేతిసంచిలోంచైనా సగం అరిగిన లిప్‌స్టిక్ బయటపడితే థెల్మా దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చెత్తబుట్టలో వేసేది. ఆ వేళ్లు గౌనుకి తుడుచుకునేది. పాత తరం మనిషి, అలంకారాలంటే గిట్టదు అనుకునేదాన్ని.

ఆమెకి అరవై తొమ్మిది. పెళ్లి చేసుకోలేదు. పాతికేళ్లు బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించి రిటైరైంది. అంతకు ముందు ఏం చేసేదానివని అడిగితే "ఫ్యాక్టరీ" అనేది. ఈ ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లందరూ ఏదో ఒక ఫ్యాక్టరీలోనో చేపల షెడ్లలోనో పనిచేసినవాళ్లే. అందుకని రెండో ప్రశ్న ఎవరూ వేయలేదు.

కిందటి ఏడాది ఏప్రిల్‌లో థెల్మా వాళ్లక్క కూతురు లోర్నా చనిపోయింది. యాభై రెండేళ్లు. క్యాన్సర్ అని తెలిసిన ఏడు వారాలకే అయిపోయింది. లోర్నా కూతురు బ్రయొనీకి ఇరవై నాలుగేళ్లు. ఇక్కడే వృద్ధుల ఆశ్రమంలో పని. వాళ్లుండే ఇల్లు తల్లి పేరు మీద అద్దెకి తీసుకున్నది కావడంతో ఖాళీ చేయాల్సి వచ్చింది. జూన్ మొదట్లో పదకొండు అట్టపెట్టెలతో థెల్మా ఇంటి వెనకగదిలోకి చేరింది ఆ పిల్ల. ఇద్దరికీ బాగానే కుదిరింది. ఒకరు తెల్లవారకముందే పనికి పోతే, ఇంకొకరు సాయంత్రం భోజనం వండి మూతపెట్టి ఉంచేవారు.

నవంబరు చివర్లో బ్రయొనీ ఒక పెద్ద పెట్టె తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. లేత గులాబీ రంగు. ముందువైపంతా చిన్న చిన్న అట్ట తలుపులు, ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా అంకెలు. డిసెంబరు ఒకటో తారీకు నుంచి క్రిస్మస్ ముందురోజు దాకా రోజుకో తలుపు తెరవాలి.

"ఏంటిది, చాక్లెట్లా?" అంది థెల్మా.

"కాదాంటీ, మేకప్. అమ్మా నేనూ ఏటా కొనేవాళ్లం. బేసి అంకెలవి అమ్మవి, సరి అంకెలవి నావి. ఈసారి బేసివి నేను తీసుకుంటా. సరివి నీకు."

"ఈ మొహానికెందుకు తల్లీ. షాపులో అమ్మాయిలకెవరికైనా ఇచ్చెయ్."

"ఈ మొహానికే. ఇరవై నాలుగూ నేనొక్కదాన్నే తెరిస్తే ఏడుస్తాను. కూర్చుని చూస్తావా మరి, నేనేడుస్తుంటే?"

"ఇలా బెదిరించే మీ అమ్మమ్మ కూడా నాచేత సగం పనులు చేయించుకుంది," అంది థెల్మా. అదే ఒప్పుకోలు అయింది.

పెట్టె అడుగున ఒక మూల, బొటనవేలి గోరంత, ఎగురుతున్న కుందేలు గుర్తు ఉంది. జంతువుల మీద ప్రయోగాలు చేయకుండా తయారైన సరుకని దాని అర్థం. లోర్నా ఆ గుర్తు లేని వస్తువు ఇంట్లోకి రానిచ్చేది కాదట. షాపులో వెనక వరసలో జనం నిలబడి విసుక్కుంటున్నా సరే, గిన్నెలు కడిగే సబ్బు సీసా మీది చిన్నక్షరాలు కూడా చివరిదాకా చదివేదట. ఆ పెట్టె మీద అన్నిటికంటే ముందు తన కంటపడింది ఆ కుందేలేనని థెల్మా తరవాత నాతో చెప్పింది.

ఒకటో తారీకు తలుపు బ్రయొనీది. కిటికీ దగ్గర నిలబడి కొత్త రంగు మణికట్టు మీద గీసి చూసుకుంది. "ఇది అమ్మకి నచ్చేది కాదు. జలుబు చేసిన ముక్కులా ఉంది," అంది. రెండో తారీకు థెల్మాది. లోపల చిటికెనవేలంత మస్కారా.

"పెట్టుకో, చూద్దాం."

"రేపు పెట్టుకుంటాలే. ఇవాళ తుమ్ములొస్తున్నాయి."

నాలుగున బుగ్గలకి రాసే పొడి. ఆరున కనురెప్పలకి పూసే రంగు. ప్రతిసారీ రేపే. ప్రతిసారీ థెల్మా ఆ డబ్బీని తీసుకెళ్లి, గిన్నెలు తుడిచే గుడ్డలుండే సొరుగులో అడుగుకి తోసేది.

ఎనిమిదో తారీకు ఆదివారం. ఆ ఉదయం తెరిచింది కూడా అప్పటికే సొరుగు చేరింది. మధ్యాహ్నం గిన్నెలు తుడుద్దామని బ్రయొనీ గుడ్డ కోసం వెతికితే నాలుగు డబ్బీలూ దొరికాయి. ఒక్కదానికీ సీలు ఊడలేదు.

"ఇష్టం లేకపోతే చెప్పొచ్చుగా ఆంటీ. నేనేమన్నా బలవంతం చేశానా?"

"చేశావు."

"అమ్మ కోసం అడిగాను. కంటికి ఒక్క గీత గీసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

థెల్మా అప్పుడు రాత్రి సూపు కోసం క్యారెట్లు చెక్కుతోంది. కత్తి కింద పెట్టింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి ఇంక అబద్ధం చెప్పలేకపోయానని నాతో అంది. ముప్పై అయిదేళ్లలో ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"నేను పనిచేసింది ఫ్యాక్టరీలో కాదు తల్లీ. ల్యాబులో. కుందేళ్ల గదిలో."

ఊరి బయట ఉండేది ఆ ల్యాబు. ఇప్పుడు అక్కడ ఇళ్లు కట్టేశారు. పద్దెనిమిదో ఏట చేరింది. తెల్ల కుందేళ్లు, తల మాత్రం బయటికుండే పెట్టెల్లో వరసగా ఉండేవి. వాటికి మేత వేయడం, గూళ్లు కడగడం ఆమె పని. ఇంకొక పని కూడా ఉండేది. కింది రెప్ప లాగి ఒక చుక్క వేసి, రెప్పలు మూసి కాసేపు పట్టుకోవాలి. షాంపూ కావచ్చు, మస్కారా కావచ్చు, గోళ్లరంగు తుడిచే ద్రవం కావచ్చు. ఒక కంటికే. రెండో కన్ను పోల్చి చూసుకోవడానికి వదిలేయాలి. గంటకొకసారి, తరవాత రోజుకొకసారి దీపం వేసి చూసి, ఎంత ఎర్రబడిందో అంకె రాయాలి. సున్నా, ఒకటి, రెండు, మూడు.

"కుందేలుకి కన్నీళ్లు తక్కువ. మనలా కడిగేసుకోలేదు," అంది థెల్మా. "అందుకే వాటిని తెచ్చేవాళ్లు."

"ఎన్నాళ్లు చేశావు?"

"పదహారేళ్లు."

బ్రయొనీ కుర్చీలో కూర్చుండిపోయింది.

"దరఖాస్తులో జంతువులంటే ఇష్టమని రాశాను," అంది థెల్మా. "అది నిజమే."

"అమ్మకి తెలుసా?"

థెల్మా క్యారెట్టు తొక్కలన్నీ ఒక పక్కకి పోగుచేసింది. "తెలుసు. అప్పట్లో గేటు బయట జనం నిలబడి అరిచేవాళ్లు. మమ్మల్ని వ్యానులో లోపలికి తీసుకెళ్లేవాళ్లు. ఒకరోజు ఎవరో వ్యాను అద్దం మీద అరచేత్తో కొట్టారు. చూస్తే మీ అమ్మ. పదహారేళ్లుంటాయి. కుందేలు బొమ్మ గీసిన అట్ట పట్టుకుని ఉంది. నన్ను చూసింది. నేనూ చూశాను."

"తరవాత?"

"ఆ ఆదివారం మీ అమ్మమ్మ ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాం. బంగాళాదుంపల గిన్నె నా వైపు జరిపింది. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదు."

"అప్పుడు మానేశావా?"

మానేశానని చెప్పుంటే సరిపోయేది. ఆ పిల్ల ఎదురుచూసింది కూడా ఆ మాట కోసమే. కానీ థెల్మా, "ఇంకో ఏడాది చేశాను. ల్యాబు వాళ్లే మూసేశారు," అంది.

బ్రయొనీ లేచి గదిలోకి వెళ్లింది. అరగంటకి భుజాన సంచితో వచ్చింది. "ఆర్నెల్లుగా ఆ చేతులతో వండిందే తింటున్నాను," అంది గుమ్మంలో. అరవలేదు, తలుపు విసిరి వేయలేదు. క్లీవ్‌లీస్‌లో తనతో పనిచేసే స్నేహితురాలి ఇంటికి ట్రామెక్కి వెళ్లిపోయింది.

మంగళవారం షాపులో, ఒక పరదాకి ఆవిరి పట్టి ఇంకోటి తీసుకునే మధ్యలో, థెల్మా ఇదంతా నాకు చెప్పింది. చెప్పి, "నువ్వేమంటావు?" అంది.

"చాలా కాలమైందిగా," అన్నాను.

"కాలం గురించి అడగలేదు నిన్ను," అంది. రెండో పరదా అందుకుంది.

గురువారం ఆమె వచ్చేసరికి బుగ్గల మీద గులాబీ రంగు ఉంది. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. పుస్తకాలు కొనడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఒకటికి రెండుసార్లు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఒంటరిగా కూర్చుని సరి అంకెల తలుపులు తెరుస్తోందని, లోపలున్నది వాడుతోందని నెమ్మదిగా తెలిసింది. బేసి తలుపుల జోలికి వెళ్లలేదు. "ఆ పిల్ల నన్నడిగింది ఈ ఒక్క పనే," అంది, నేను అడగకుండానే.

ఆ పై గురువారం ఆమె ఎడమ కన్ను వాచి, ఎర్రబడి, నీళ్లు కారుతోంది. పదహారో తారీకు తలుపులో కంటికి గీసుకునే నల్ల పెన్సిలు వచ్చిందట. కుడి కన్ను మాత్రం శుభ్రంగా ఉంది.

"రెండో కంటికి పెట్టుకోలేదా?" అన్నాను.

"లేదు."

"అదేం?"

"అలవాటు," అంది థెల్మా. తరవాత ఆవిరి యంత్రం ఆపి, నా వైపు చూడకుండా, "నిన్న ఒకటి. ఇవాళ రెండు," అంది.

ల్యాబులో కుందేళ్ల కళ్లకి వేసిన అంకెలే అవి. షాపు వెనకవైపుకి వెళ్లి బ్రయొనీకి ఫోన్ చేశాను. ఆశ్రమంలో వేసుకునే నీలం దుస్తులతోనే వచ్చింది. పెద్దావిణ్ని పలకరించలేదు. గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పి చూసి, "పద," అంది. పక్కనే ఉన్న మందుల షాపుకి తీసుకెళ్లింది. అక్కడి ఫార్మసిస్టు చూసి, పడలేదంతే, ఈ వయసులో కొందరికి ఏది పెట్టినా ఇలాగే అవుతుంది, పెన్సిలు పారేయండని చెప్పి చుక్కల మందు ఇచ్చింది. రోజుకి నాలుగుసార్లు వేయాలి.

థెల్మా చేతులు వణుకుతాయి. తన కంట్లో తాను వేసుకోలేదు. బ్రయొనీ ఇంటికి తీసుకెళ్లి కుర్చీలో వెనక్కి వాల్చింది. కింది రెప్ప లాగగానే థెల్మా కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"కదలకాంటీ."

"కదలట్లేదు."

"వణికిపోతున్నావు." చుక్క వేసింది. రెప్పలు మూసి పట్టుకుంది. అలా పట్టుకునే అడిగింది, "అవి అరిచేవా?"

"అరవవు. కుందేళ్లు అరవవు." కుర్చీ చేతులు వదలకుండానే, "ఒక్కటి అరిచింది. అరవగలవని నాకు అప్పటిదాకా తెలీదు," అంది థెల్మా.

బ్రయొనీ సీసాకి మూత పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుని ఏడ్చింది. తల్లి అంత్యక్రియల రోజున కూడా అంతలా ఏడవలేదని థెల్మా అంది. దగ్గరికెళ్లి తల నిమురుదామనుకుందట. ఆ చేతుల గురించి ఆ పిల్ల అన్న మాట గుర్తొచ్చి, తన చేతులు బల్ల మీదే పెట్టుకుని కూర్చుందట.

ఆ సాయంత్రం నుంచి బ్రయొనీ మళ్లీ వెనకగదిలోనే ఉంది. క్రిస్మస్ వెళ్లేదాకా పూటపూటా చుక్కలు వేసింది. కన్ను నయమైంది. మిగిలిన తలుపులన్నీ ఇరవై నాలుగో తారీకు ఉదయం ఒకేసారి తెరిచి, దొరికినవన్నీ సంచిలో వేసుకుని ఆశ్రమంలో ముసలమ్మలకి పంచడానికి పట్టుకెళ్లింది. ఖాళీ పెట్టెని మడిచి అట్టల చెత్తలో వేసింది. క్షమించానని అనలేదు. థెల్మా అడగనూ లేదు.

పండగైన మరునాడు మాత్రం బ్రయొనీ ఒక మాట అడిగిందట. "అమ్మ నిన్నెప్పుడూ ఎందుకు నిలదీయలేదు?"

"నిలదీస్తే నేను చెప్పాల్సొచ్చేది తల్లీ. చెప్పాక ఒకే బల్ల దగ్గర కూర్చుని తినడం కుదిరేది కాదు. మీ అమ్మకి నేను కావాల్సొచ్చానేమో. ఏమో, నాకైతే తెలీదు."

ఫిబ్రవరిలో బ్రయొనీకి లాంకస్టర్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడే గది తీసుకుంది. పెట్టెలు మోయడానికి నేను కూడా వెళ్లాను. రెండు వారాలకొకసారి ఆదివారం వస్తుంది. థెల్మా వండింది తింటుంది, గిన్నెలు కడుగుతుంది, నాలుగింటికి బయల్దేరుతుంది. ఈమె బస్సు దాకా వెళ్లి సాగనంపి వస్తుంది.

ఏప్రిల్‌లో లోర్నా పోయి ఏడాదైన రోజున ఇద్దరూ శ్మశానం తోటకి వెళ్లారు. సముద్రం వైపునుంచి గాలి బాగా కొడుతోందట. తల్లి పేరున్న రాయి దగ్గర బ్రయొనీ పసుపు డాఫడిల్ పూలు సీసాలో పెట్టి, పడిపోకుండా చుట్టూ రాళ్లు పేర్చింది. థెల్మా నాలుగడుగుల వెనక నిలబడి ఉంది.

"ముందుకి రా ఆంటీ."

"ఇక్కడ బాగానే ఉందిలే తల్లీ."

బ్రయొనీ ఇంకోసారి పిలవలేదు. వాన మొదలవడంతో ఇద్దరూ బస్సు కోసం రోడ్డు మీదికి నడిచారు. ఒకే గొడుగు ఉంది. అది పిల్లనే పట్టుకోమందట థెల్మా.