స్క్రాపుకి పోయే కారు తలుపు

ఎండిన ఓరెగానో ఆకుని అరచేతుల మధ్య నలిపితే చాలు, ఆ వాసన నన్ను వెర్రిబీ అనే ఈ పరాయి దేశపు ఊళ్ళోని మా వంటింట్లోంచి ఎత్తుకెళ్ళి ఒక పాత రేకుల షెడ్డులో దింపుతుంది. వాముకి ఎండుగడ్డి తోడైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఈ ఉదయం కూడా తెల్లటి చీజ్ ముక్కల మీద ఆకు నలుపుతూ ఎక్కడికో వెళ్ళిపోయాను.

"ఇద్దరికి సరిపడా పెడుతున్నారేంటండీ? ఎవరైనా గెస్టా?" అంది మా ఆవిడ సువర్ణ, హాస్పిటల్ డ్యూటీకి షూస్ వేసుకుంటూ.

"నా ఆకలంటే నీకెప్పుడూ గౌరవం లేదు."

"పొట్టకి ఇస్తున్నాగా, చాల్లేదా? నాకు షిఫ్ట్‌కి లేటవుతోంది, బై!"

ఆమె వెళ్ళిపోయింది. వాసన మాత్రం ఉండిపోయింది.

ఆ రేకుల షెడ్డు యజమాని స్టావ్రోస్. గ్రీసులో ఏదో చిన్న ద్వీపం నుంచి కుర్రతనంలోనే వచ్చి, గుద్దుకున్న కార్ల సొట్టలు తీస్తూ ముసలివాడైన మనిషి. నేను బెజవాడ ఆటోనగర్‌లో డెంటింగ్ పని నేర్చినవాణ్ణి. పదో తరగతి నన్ను వదిలిందో, నేను దాన్ని వదిలానో ఇద్దరికీ గుర్తులేదు. సువర్ణ నర్సు వీసా కొంగు పట్టుకుని ఈ దేశంలో దిగితే, పని ఇచ్చింది ఆయనే. ఆయన ఇంగ్లీషులో సగం గ్రీకు, నా ఇంగ్లీషులో సగం బెజవాడ. అయినా మా మధ్య ఆగిపోయిన మాట ఒక్కటీ లేదు. ప్రతి మాట చివరా 'రే' అనేవాడు. మన 'రా' అంత చనువుగా ఉండేది.

పదింటికి స్మోకో, అంటే టీ విరామం. బోర్లించిన డబ్బాల మీద కూర్చుని రొట్టె, ఆలివ్‌లు, ఓరెగానో చల్లిన చీజ్ తినేవాళ్ళం. రేకు కంతల్లోంచి ఎండ కర్రల్లా దిగేది. అందులో పుట్టీ పొడి బంగారు రజనులా తేలుతుండేది. ఆ పొడిలో ఆయన వాళ్ళ గ్రీకు పురాణం చెబుతూ ట్రాయ్ కోట కట్టేవాడు. ఓడలు దింపేవాడు. యోధులు నడిచి వచ్చేవాళ్ళు.

"చెప్పు రే, వీరుడంటే ఎవడు?" అన్నాడొకసారి.

"సగం దేవుడి రక్తం ఉండాలి, కండలుండాలి, ఎక్కడో ఒకచోట దెబ్బ తగిలే మెత్తటి చోటుండాలి. ఇవన్నీ మీరు చెప్పినవే బాస్. మా వైపు వీరులకైతే మీసం కూడా కావాలి."

"బలం ఎద్దుకీ ఉంది. చావు తప్పదని తెలిసీ ఆ ట్రాయ్ రాకుమారుడు కోట గుమ్మం దాటాడే, వాడు వీరుడు. యుద్ధానికి వెళ్తూ కూడా, చంటి కొడుకు జడుసుకున్నాడని శిరస్త్రాణం తీసి పక్కన పెట్టాడు." ఒక ఆలివ్ గింజ ఊసాడు. "వాణ్ణి చంపినవాడు అంతకంటే బలవంతుడు. చంపి, రథానికి కట్టి ఈడ్చాడు. అప్పటికి వాడు ఉత్త యోధుడే. తర్వాత చచ్చినవాడి తండ్రి, ముసలి రాజు, ఒంటరిగా వాడి గుడారానికొచ్చి, కొడుకుని చంపిన ఆ చేతులే ముద్దు పెట్టుకుని శవాన్ని అడిగాడు. ఇద్దరూ ఏడ్చారు. శవాన్ని కడిగించి ఇచ్చి, ముసలాయనకి అన్నం పెట్టాడు. అప్పుడయ్యాడు రే వీరుడు."

"అంటే అంతమందిని చంపి ఒక పూట భోజనం పెడితే వీరుడా? మా ఆవిడ రోజూ పెడుతోంది, ఇంతవరకు ఎవర్నీ చంపలేదు."

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "మీ ఆవిడ మీద పాట కట్టినవాడు లేడు రే, అదే తేడా!"

ఆయనకీ ఒక శత్రువున్నాడు. పేరు మనోలిస్. ఒకే ద్వీపం వాళ్ళు, ఒకప్పుడు ఈ షెడ్డులోనే భాగస్థులు. తగువుపడి విడిపోయి, ఎదురు వీధిలో మనోలిస్ ఇంకో షెడ్డు పెట్టుకున్నాడు. ఈస్టరు పండక్కి వాళ్ళ చర్చిలో ఒకరి కొవ్వొత్తి నుంచి ఒకరు వెలిగించుకుంటారట. మనోలిస్ చేతిలోంచి వచ్చిన వెలుగు నాకొద్దని మా బాస్ నలుగురిని దాటి వెళ్ళి వెలిగించుకునేవాడు.

ఒక ఉదయం టో ట్రక్కు ఒక చిన్న కారుని తెచ్చి మా పెరట్లో దింపింది. ముందు భాగం లేదనే చెప్పాలి. అది మనోలిస్ కొడుకుది. కుర్రాడు బతకలేదు. కారు స్క్రాపుకి పోతుంది. ఆ లోపు లోపలున్న వస్తువులు తీసుకోవడానికి ఇంట్లోవాళ్ళు వస్తారు, అది రివాజు. మనోలిస్ మధ్యాహ్నం వస్తాడని అప్పుడే ఫోన్ వచ్చింది.

బాస్‌కి ఇష్టం లేకపోతే ఎవరికో అప్పగించి ఇంటికి పోవచ్చు. పోతాడనే అనుకున్నాను. ఆయన కారు చుట్టూ తిరిగి, నలిగి బిగుసుకుపోయిన తలుపు మీద చెయ్యి పెట్టాడు.

"ఇది తెరుచుకోవాలి. గడ్డపారతో కాదు. వాడి తండ్రి చేత్తో తెరుచుకోవాలి."

"ఎటూ స్క్రాపే కదా బాస్?"

ఆయన అప్పటికే పనిముట్ల పెట్టె తెరిచాడు. నేను లోపల్నుంచి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకున్నాను, ఆయన పైనుంచి చిన్న సుత్తితో మెల్లగా కొట్టాడు, పసివాణ్ణి జోకొట్టినట్టు. అద్దం పెంకులు ఏరాం. సీట్లు కడిగాం. లేని ముందు భాగం మీద నీలం టార్పాలిన్ కప్పాం. ఆ పూటంతా ఆ చప్పుడు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపించింది.

మనోలిస్ వచ్చాడు. మా బాస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ బట్టతల చూడటం నాకదే మొదటిసారి. అంతకు ముందు రోజైతే దాని మీద పది జోకులు వేసేవాణ్ణి.

మనోలిస్ పిడి లాగాడు. తలుపు తెరుచుకుంది. లోపలికి చూడకముందే ఆయన అరచెయ్యి రేకు మీద జారి, ఒకచోట ఆగింది. ఆయనదీ ఇదే పని. అక్కడ కొత్తగా సొట్ట తీశారని ఆ చేతికి తెలిసిపోయింది.

"ఇవాళ కొట్టావా?"

"ఇవాళే."

మనోలిస్ మా బాస్ నల్లటి గ్రీజు చేతులు రెండూ పట్టుకుని తన ముఖానికి ఆనించుకున్నాడు. నేను బయటికి నడిచాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ డబ్బాల మీద కూర్చుని ఉన్నారు. బాస్ రొట్టె తుంచి, ఓరెగానో నలుపుతున్నాడు. "తిను రే," అంటున్నాడు. ఏడుస్తూనే తిన్నాడాయన. బంగారు పొడిలో ఆ ఇద్దరు ముసలివాళ్ళు ఎప్పటివాళ్ళో, ఏ గుడారంలోవాళ్ళో నాకు తెలియలేదు.

తర్వాతి ఈస్టరుకి మా బాస్ నలుగురిని దాటి వెళ్ళాడు, మనోలిస్ దగ్గరికి.

బాస్ ఇప్పుడు లేడు. ఆ షెడ్డు నేను నడుపుతున్నాను. పెరట్లో నీలం టార్పాలిన్ కింద ఒక కారుంది. దాని తలుపు నిన్న సాయంత్రం తెరుచుకుంది. ఈ ఆర్వో, అంటే ఈ మధ్యాహ్నం, మూడింటికి ఒక తల్లి వస్తుంది. ఆమె ఎవరో, ఏ భాషో తెలియదు. జోకులన్నీ సువర్ణ కోసం దాచుకుని, డబ్బా బోర్లించి, మీద గుడ్డ పరిచి, పొద్దున కట్టుకొచ్చిన ఇద్దరి తిండీ పెట్టాను. టోపీ తీసి పక్కన పెట్టాను.