జపాన్ కవరుకు పసుపు

బేస్‌బాల్ ఆట నేను ఈనాటికీ కళ్ళారా చూడలేదు. ఆ బంతి ఎంత బరువుంటుందో, చేతికి తగిలితే ఎంత నొప్పి పుడుతుందో నాకు తెలియదు. కానీ ఆ ఆట బొమ్మలున్న స్టాంపులు, ఆ ఆట పేరుతో కొట్టిన పోస్టాఫీసు ముద్రలు, ప్రత్యేకంగా అచ్చువేసిన కవర్లు బందరులో నా దగ్గర ఉన్నన్ని ఇంకెవరి దగ్గరా ఉండేవి కావు. ఉండవలసిన అవసరం ఇంకెవరికీ లేదు కూడా. అలాంటి కవరు ఒకదాని వల్ల నా భార్య నా ఇంటికి మళ్ళీ వస్తుందా, రాదా అన్నదాకా వెళ్ళింది. తప్పు కవరుది కాదు.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది దాటింది. ఈడేపల్లిలో రెండు గదుల అద్దె ఇల్లు, ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. స్టాంపులు పోగుచేసేవాళ్ళు మా జిల్లాలో చాలామందే ఉండేవాళ్ళు. ఎవరిని చూసినా పక్షులు, రైళ్ళు, దేశనాయకులు. ఎవరూ ముట్టని దాంట్లో నేను ముందుండాలని నా ఆశ. పాత పుస్తకాల దుకాణంలో ఒకసారి నికరాగువా స్టాంపు ఒకటి దొరికింది. టోపీ పెట్టుకున్న ఒకాయన కర్ర భుజానికెత్తి నిలబడ్డాడు. ఆ కర్రతో మొదలైంది నా పిచ్చి. తరవాత క్యూబావి వచ్చాయి. ఖాళీ స్థలంలో పిల్లలు ఆడుకుంటున్న అమెరికా స్టాంపు వచ్చింది. గుడివాడలో మా స్టాంపుల సంఘానికి పెద్దలాంటి హోమియోపతి డాక్టరుగారు నన్ను చూసినప్పుడల్లా, "ఏవోయ్, నీ గూటీబిళ్ళ ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవారు. అందరూ నవ్వేవారు. ఆ నవ్వు ఒక్కసారైనా ఆగిపోయేలా చెయ్యాలని నాకు కసి.

పత్రికలో కలంస్నేహం శీర్షిక చూసి జపాన్‌లో ఒక రిటైరైన రైల్వే ఉద్యోగికి ఉత్తరం రాశాను. ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే పొట్టిది. అయినా ఓపిగ్గా ఆట నేర్పాడు. కాగితం మీద పలక ఆకారం ఒకటి గీసి, కొట్టినవాడు ఈ మూల నుంచి ఆ మూలకి, అక్కణ్ణుంచి ఇంకో మూలకి పరుగెత్తి, చివరికి బయలుదేరిన చోటికే రావాలని రాశాడు. ఆ చోటుని ఇల్లు అంటారట. ఈ మాట నా భార్యకి చెబితే, "ఇంటికి రావడానికి అంత ఆయాసం ఎందుకండీ, కదలకుండా ఉంటే పోయేదిగా?" అంది. ఆ రోజు ఇద్దరం బాగా నవ్వుకున్నాం.

ఆమెది దివిసీమ. నాగాయలంక దాటి లోపలికి వెళ్ళాలి. పెళ్ళయిన ఏడాదే ఉప్పెన వచ్చింది. అప్పటికి ఆమె బందరులో నా దగ్గర ఉంది కాబట్టి బతికింది. వాళ్ళమ్మ పోయింది. ఆ తరవాత నెలల తరబడి మా గుమ్మానికి వచ్చిన కార్డులన్నీ ఒకే రకానివి. బంధువుల్లో ఎవరో ఒకరి కబురు. గడప దాటించకుండా బయటే చదివి, చింపి పారేసేది. పోస్టుమాను సైకిలు గంట వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి గోడకి ఆనుకుని నిలబడేది. నేనేమో అదే గంట కోసం ఎదురుచూసేవాణ్ణి. ఒకే ఇంట్లో ఒకే చప్పుడికి ఇద్దరం రెండు రకాలుగా ఉలిక్కిపడేవాళ్ళం. దాని గురించి ఆమెని ఒక్క మాట అడిగిన గుర్తు నాకు లేదు.

ఆ ఏడు జపాన్‌లో హైస్కూలు పిల్లల బేస్‌బాల్ పోటీల మీద స్టాంపు విడుదల చేశారు. విడుదలైన రోజునే ఆ ముద్రతో కవరు పంపుతానని మా రైల్వే ఆయన రాశాడు. సరిగ్గా అప్పుడే గుడివాడలో ఒక బడి హాల్లో మా సంఘం ప్రదర్శన పెట్టింది. నా బోర్డు మధ్యలో ఆ కవరుకి చోటు వదిలి, చుట్టూ మిగతావి అమర్చుకున్నాను. వస్తోంది, జపాన్ నుంచి వస్తోంది అని ఊరంతా చెప్పాను. రాకపోతే నా పరువేం కావాలన్నదే నా దిగులు.

నేను ఆఫీసులో ఉండగా వచ్చింది. సాయంత్రం గుమ్మంలోనే నా భార్య నవ్వుతూ ఎదురొచ్చి కవరు చేతిలో పెట్టింది. నాలుగు మూలలా పసుపు. తడిపసుపు వేలితో అద్దింది. కుడివైపు పైమూల పసుపు స్టాంపు అంచు మీదికి, ముద్ర మీదికి జారి ఉంది.

"ఏంటిది?" అన్నాను.

"మంచి కబురే కదండీ. బొమ్మలో అబ్బాయి చేతులెత్తి గంతులేస్తున్నాడు. పోస్టుమాను కూడా అదే అన్నాడు. పాపం, వాళ్ళకి పసుపు పెట్టి పంపాలని తెలీదు కదా. అందుకని నేనే పెట్టాను."

ఇప్పుడు ఆలోచిస్తే, ఉప్పెన తరవాత ఆమె గడప దాటించి లోపలికి తెచ్చుకున్న మొదటి ఉత్తరం అదే. ఆ సాయంత్రం నాకు కనిపించింది మాత్రం పాడైన ముద్ర. "నీకు బుద్ధుందా? శుభలేఖ అనుకున్నావా? మీ ఊళ్ళో ఎవరూ ఉత్తరం మొహం చూడలేదా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు.

దూదిని తడిపి, బట్టల సబ్బు మీద రుద్ది తెచ్చుకున్నాను. ఆమె వంటగది గుమ్మంలోంచి, "సబ్బు వద్దండీ, సబ్బు తగిలితే..." అనబోయింది.

"నోరుమూసుకో. చేసింది చాలు."

మూల మీద దూది పెట్టాను. పసుపు ఎర్రబడింది. పోతుందేమోనని ఇంకా రుద్దాను. ఎరుపు పాకింది. కాగితం నూగు లేచింది. ముద్రలో బంతి బొమ్మ సగం ఎర్రటి మడుగులో మునిగిపోయింది. సున్నం తగిలి పసుపు పారాణిగా ఎలా ఎర్రబడుతుందో తెలియనివాడు మా జిల్లాలో ఉండడు. నాకూ తెలుసు. ఆ నిమిషంలో తెలియలేదు, చెప్పబోయినదాన్ని చెప్పనివ్వలేదు.

ఆమె అన్నం వడ్డించింది.

శనివారం మా మావగారు కూతుర్ని చూసి పోదామని వచ్చారు. భార్య పోయాక ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. అయినా, "అల్లుడుగారి ఎగ్జిబిషన్ చూడకుండా వెళ్తానా?" అని సరదాపడ్డారు. మర్నాడు ముగ్గురం గుడివాడ వెళ్ళాం. కవరు పెట్టకుండా ఉంటే మధ్యలో చోటు బోసిగా కనిపిస్తుంది. పెడితే మచ్చలు కనిపిస్తాయి. చివరికి పెట్టాను.

డాక్టరుగారు కళ్ళజోడు ఎత్తి దగ్గరగా చూశారు. "ఏవోయ్, ఇదేంటి? కవరుకి పెళ్ళి చేశావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరూ నా మొహమే చూస్తున్నారు.

"మా ఆవిడ పనండీ," అన్నాను. "దివిసీమ మనిషి కదా, ఉత్తరం అనగానే శుభలేఖ అనుకుంది. పసుపూ కుంకుమా రెండూ పెట్టేసింది."

"హారతివ్వలేదు, సంతోషించు."

"ఇచ్చేదేనండీ. నేను వేళకి వచ్చాను కాబట్టి సరిపోయింది."

హాలు గొల్లుమంది. ఇన్నాళ్ళూ నన్ను చూసి నవ్విన నవ్వు ఇంకొకరి మీదికి మళ్ళిందని నాకు తేలిక అనిపించింది. అలా తేలికపడ్డందుకే ఇప్పటికీ ఎక్కువ సిగ్గుపడతాను. వెనక్కి తిరిగేసరికి తండ్రీకూతుళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు.

మావగారు బోర్డు దగ్గరికి వచ్చి కవరు చూశారు. "పసుపంటే సరే, మీ అమ్మ పెట్టేది," అన్నారు మెల్లిగా. "మంచి ఉత్తరం ఏది వచ్చినా పెట్టేది. కుంకుమెందుకు పెట్టావమ్మా, నలుగురూ నవ్వేలా?"

ఆమె నా వంక చూసింది. "ఆయన్ని అడుగు నాన్నా."

నేను పక్క బోర్డు మీద ఎవరివో పక్షుల స్టాంపులు చూడడం మొదలుపెట్టాను.

తిరుగు ప్రయాణంలో పామర్రులో దిగాం. అక్కణ్ణుంచి బందరు బస్సు ఒకవైపు, చల్లపల్లి మీదుగా దివిసీమ వెళ్ళే బస్సు ఇంకోవైపు. మావగారు చేతిసంచి భుజాన సర్దుకుని, "అమ్మాయిని కొన్నాళ్ళు తీసుకెళ్తాను బాబూ," అన్నారు. అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది.

ఆమె నా పక్కకి వచ్చి నిలబడింది. "మా బస్సు ఇంకా రాలేదు. మీరు నాన్నతో ఏదైనా చెప్పాలంటే చెప్పండి."

ఏం చెప్పమంటోందో నాకు స్పష్టంగా తెలుసు. 'ఎరుపు నావల్ల అయింది' అంటే చాలు. సోడా బండివాడు గోలీ నొక్కిన చప్పుడు, లారీ హారను, ఎవరో పిల్లాడి ఏడుపు, అన్నీ వినబడుతున్నాయి. బస్సు మలుపు తిరిగింది.

"ఆదివారం కదా, రష్షుగా ఉంటుంది," అన్నాను. "ముందువైపు సీటు చూసుకో."

ఆమె ఒక్క క్షణం నన్ను అలాగే చూసి బస్సెక్కింది. కిటికీ పక్కనే కూర్చుంది. అయినా నా వైపు తిరగలేదు.

ఆ తరవాత ఇంట్లో పోస్టుమాను గంటకి గోడకి ఆనుకుని నిలబడడం నా వంతయింది. నేను రాసిన కార్డులకి ఆమె జవాబు ఇవ్వలేదు. మావగారి దగ్గర్నుంచి ఒకటి వచ్చింది. అమ్మాయి క్షేమంగా ఉందని, ఇప్పట్లో పంపే ఆలోచన లేదని. జపాన్ నుంచీ ఒకటి వచ్చింది. కవరు పదిలంగా చేరిందా, తమ పోస్టాఫీసు వాళ్ళు ముద్ర శుభ్రంగా కొట్టారా అని ఆ పెద్దాయన అడిగాడు. కొట్టారు. శుభ్రంగానే కొట్టారు. ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. రెండు ఉత్తరాలకీ చెప్పవలసిన జవాబు ఒకటే.

ఆఫీసుకి సెలవు పెట్టి బయలుదేరాను. పులిగడ్డ దాటాక బస్సు ఖాళీ అవుతూ వచ్చింది. తాటిచెట్లు కొన్ని ఇంకా మొండేలతోనే నిలబడి ఉన్నాయి. మావగారింటికి కొత్తగా రేకులు వేశారు. గోడలకి ఇంకా సున్నం లేదు. ఆయన అరుగు మీద వల చిక్కు విప్పుతూ, లేవకుండానే, "రండి బాబూ," అన్నారు. ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉంది. చూసింది, ఆరేస్తూనే ఉంది.

కూర్చోకుండానే చెప్పేశాను. "ఆమె పెట్టింది పసుపు ఒక్కటే మావయ్యగారూ. కుంకుమ లేదు. వద్దంటున్నా వినకుండా సబ్బు రుద్దింది నేను. గుడివాడలో అబద్ధమాడాను."

ఆయన వలలో ఇంకో చిక్కు విప్పారు. "ఆ మాట నాతో ఇక్కడ అంటే ఏం లాభం బాబూ? నవ్వినవాళ్ళు అక్కడున్నారు."

"అక్కడా చెబుతాను."

"ఎప్పుడు?"

"ఈ ఆదివారం. డాక్టరుగారి వరండాలో అందరూ కలుస్తారు."

"అమ్మాయ్," అని ఆయన పెరట్లోకి కేకేశారు. "ఆదివారం గుడివాడ వెళ్దామా?"

ఆమె తడి చీర అంచు పిండుతూ, "ఆయన వస్తానంటే వస్తాను," అంది. ఆ మాటలో కోపం ఎంతో, నమ్మకం ఎంతో నాకు అంతుపట్టలేదు.

ఆ ఆదివారం వరండాలో పది మంది దాకా ఉన్నారు. తండ్రీకూతుళ్ళు మెట్ల దగ్గరే నిలబడ్డారు. నేను కవరు తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరుగారు, "మళ్ళీ తెచ్చావా పెళ్ళికూతుర్ని?" అన్నారు. ఎప్పటిలా నవ్వు మొదలైంది. నవ్వులో కలిసిపోయి ఊరుకోవడానికి అది ఇంకో అవకాశం. మెట్లవైపు చూశాను. ఆమె తలెత్తి నన్నే చూస్తోంది.

"కుంకుమ మా ఆవిడ పెట్టలేదండీ," అన్నాను. "పసుపు మాత్రం పెట్టింది. నేను సబ్బు రుద్ది ఎర్రగా చేశాను. ఆ రోజు నా తప్పు ఆమె మీద పెట్టాను."

నవ్వు ఆగిపోయింది. నేను ఇన్నాళ్ళూ కోరుకున్నట్టే ఆగిపోయింది.

డాక్టరుగారు కవరు మీదికి వంగి చూసి, "పసుపుకి సబ్బు రాశావుటోయ్?" అన్నారు. "నీకు ఉద్యోగం ఎవరిచ్చారోయ్?" మళ్ళీ నవ్వారు. ఈసారి అది నాకు చెందాల్సిన నవ్వే. తరవాత ఆయన మెట్లవైపు తిరిగి, "అమ్మా, ఎండగా ఉంది, లోపలికి వచ్చి కూర్చోండి," అన్నారు. ఆమె వచ్చి కూర్చుంది. కవరు చేతిలోకి తీసుకుని, లేచిన కాగితం నూగుని వేలితో తడిమింది. "రెండు రోజులు ఎండలో పెడితే పసుపు దానంతటదే వెలిసిపోయేదండీ," అంది నాతో, ఎవరికీ వినబడనంత మెల్లిగా. "ఆ రోజు చెప్పబోయింది అదే."

పామర్రులో మళ్ళీ దిగాం. ముందు దివిసీమ బస్సే వచ్చింది. మావగారు ఎక్కారు. ఆమె కదల్లేదు. ఆయన కిటికీలోంచి, "వెళ్ళొస్తానమ్మా," అన్నారు. ఆమె తలూపింది. బందరు బస్సు ఎక్కాక కిటికీ పక్క సీటు నాకు వదిలి తను ఇవతల కూర్చుంది.

జపాన్ ఆయనకి ఉన్నదున్నట్టు రాశాను. మా దగ్గర మంచి కబురుకి పసుపు పెడతారని, నేను దాన్ని పాడుచేశానని. ఇంకో కవరు పంపుతానని రాశాడాయన. వద్దన్నాను. ఆల్బంలో ఆ కవరు కింద వివరం రాయవలసిన చోట, 'పసుపు నా భార్యది, ఎరుపు నాది' అని రాసి ఉంచాను.

ఆమె తిరిగి వచ్చింది కాబట్టి అంతా సర్దుకుందని చెప్పలేను. ఆ తరవాత మా ఇంటికి మంచి ఉత్తరాలు చాలానే వచ్చాయి. ఒక్కదానికీ ఆమె పసుపు పెట్టలేదు. పెట్టమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కొన్నాళ్ళు చూసి నేనే పెట్టడం మొదలుపెట్టాను. మొదటిసారి పసుపు డబ్బా కోసం వంటగదిలో వెతుకుతుంటే ఆమె ఏమీ అడగకుండా తీసి ఇచ్చింది. నేను వేలు తడిపి మూల మీద అద్దుతుంటే పక్కన నిలబడి చూసింది.

"అంత ముద్దగా కాదండీ," అంది. "అక్షరాల మీద పడుతుంది."