మా చంద్రమౌళి నల్ల కారు మీద చెయ్యి పెట్టొద్దు

మా బామ్మర్ది చంద్రమౌళికి ఒక్కటే పిచ్చి. ఆయన నల్ల కారు మీద సన్నటి గీత కూడ పడొద్దు. ఇంటి మీద పిడుగు పడొచ్చు, చేన్ల అడవి పందులు పడొచ్చు, బావనైన నేను బాయిల పడొచ్చు. గీత మాత్రం పడొద్దు.

ఈ మాట చెప్పేటందుకు నాకు అర్హత ఉన్నది. నేను రుద్రంగి బడిల ఏడో తరగతి దాక చదివిన. కల్లు సంఘానికి రెండు మార్లు అధ్యక్షునిగ చేసిన. ఈ రోజు మా వాడకట్టు మూల మీద బస్సు ఆగుతున్నదంటే అది ఒకప్పుడు నేను డిపోల నిలవడి మాట్లాడిన మాట బలం. ఇంత మనిషినయ్యి ఉండి, ఆ కారు తలుపు మాత్రం ఇప్పటి దాక నా చేత్తోని తెరువలేదు. తీసేది ఆయనే, మూసేది ఆయనే. చూసినోళ్లు ఎవరో పెద్ద ఆఫీసర్ దిగుతున్నడు అనుకుంటరు. అది వేరే సంగతి.

చంద్రమౌళి చానా ఏండ్లు దుబాయ్ల పరాయోళ్ల కార్లు కడిగిండు. తిరిగొచ్చినంక జగిత్యాలల ఒక నల్ల కారు కొన్నడు. సెకండ్ హ్యాండ్ దే గని కొత్త పెండ్లికొడుకు లెక్క ఉండె.

"తెల్లది కొనరాదుర? దుమ్ము కనపడకపోవు" అన్న నేను.

"దుమ్ము కనపడకుంటె కడుగుడు ఎందుకు బావా" అన్నడు.

కారును ఇంటికి తెచ్చిన నాడు, మర్యాద తెలిసిన మనిషిని గనుక, భుజం మీది తువ్వాల తీసి బానెట్ మీది దుమ్ము దులుపుదామని వంగిన. మనోడు ఎనుకనుంచి ఉరికొచ్చి నా నడుము పట్టుకొని అమాంతం లేపిండు. సంఘం ఎన్నికలు గెలిచిన నాడు కూడ నన్ను ఎవరు అంత ఎత్తు లేపలేదు.

"ఏమైందిర, పామా?"

"తువ్వాల, బావా."

"తువ్వాల కరుస్తదా?"

"దుమ్ముల సన్నటి ఇసుక ఉంటది. పొడిగ తుడిస్తె గరుకు కాయితం పెట్టి రుద్దినట్టే. తెల్ల కారుకైతె దాగుతది. నల్లదానికి ఎండ తగిలిందంటె సాలెగూడు లెక్క గీతలన్ని బయటపడ్తయ్."

అప్పటిసంది ఆయన కారు కడిగేది చూసేటందుకు వాడోళ్లు పీటలు తెచ్చుకొని కూసుంటున్నరు. ముందుగాల కారును నీడకు తోల్తడు. ఉత్త నీళ్లు పోసి ఇసుకంత జారగొడ్తడు. తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్ల షాంపూ నీళ్లు, ఒకదాంట్ల మంచి నీళ్లు. గుడ్డను షాంపూల ముంచుడు, రుద్దుడు, మంచినీళ్లల జాడిచ్చుడు, మళ్ల ముంచుడు. పైనుంచి కిందికే వస్తడు. చక్రాల గుడ్డ వేరు. అది మిగిలిన గుడ్డల పక్కన తీగె మీద ఆరేసేటందుకు కూడ లేదు. తడిని రుద్ది తుడువడు, మెత్తటి గుడ్డ పరిచి అద్దుతడు. మా చెల్లె, అంటె ఆయన భార్య మంజుల, ఒకనాడు నాతోని అన్నది, "అన్నా, నాకు జరమొచ్చినప్పుడు తడిగుడ్డను గింత మెల్లగ పెట్టలే."

కొండగట్టుకు వాహన పూజకు పోయినం. పూజారి సింధూరంల వేలు ముంచి బానెట్ మీదికి వంగిండు. చంద్రమౌళి మధ్యల దూరిండు.

"పంతులుగారు, అద్దం మీద రాయుండ్రి."

"బానెట్ మీదనె రాస్తం నాయినా."

"అద్దం ఎనుక నేనే కూసుంట. పుణ్యం దగ్గర పడ్తది."

ఆయన నవ్వి అద్దం మీదనే రాసిండు. దారిల ఏం కనపడక మనోడు వైపర్ ఏసిండు. ఊరొచ్చేదాక లోకమంత ఎర్రగనే కనపడ్డది.

సిరిసిల్లకు చీరెలకు పోయిన నాటి ముచ్చట ఇంకొకటి. కారు నిలిపేటందుకు జాగ దొరుకదు. మోటర్ సైకిల్ పక్కన వద్దు, బ్రేకు తాకుతది. మేకల కాడ వద్దు, కొమ్ములుంటయ్. చెట్టు కింద వద్దు, పిట్టలుంటయ్. చివరికి ఊరవతల పెట్టి బట్టల దుకాణానికి ఆటోల పోయినం. లోపల మా ఇంటామె విజయ చీరెలు చూస్తాంటె, ఈయన ఒక్కొక్క గుడ్డను చెంపకు రాసుకొని చూస్తున్నడు.

"ఎవలికి అన్నా, చిన్నపాపకా? మెత్తటిది సూపియ్యాల్నా?" అన్నడు దుకాణపాయన.

"అవు. నల్లగుంటది" అన్నడు మా చంద్రమౌళి.

ఇట్లాంటి కారును మొన్న మాఘంల పెండ్లికి అడుగవలసొచ్చింది. చంద్రమౌళి చిన్నమ్మ మొగిలవ్వ. ఆమె కొడుకు సంపత్, సంపత్ బిడ్డ జ్యోతి. జ్యోతికి కోరుట్ల సంబంధం కుదిరింది. పెండ్లి కూడ అక్కడనే, ఫంక్షన్ హాల్ల. మొగిలవ్వ బతుకంత బీడీల గంప నెత్తిన పెట్టుకొని కోరుట్ల బస్సుల నిలవడి పోయిన మనిషి. ఖాయం చేసుకున్న నాడే వియ్యాలవారి ముంగట అననే అన్నది, "మా పిల్ల నల్ల కార్ల దిగుతది." ఆమెకున్న కోరిక అదొక్కటే. ఆ కోరుట్లలనే మనుమరాలు కారు దిగాలె, పక్కన తాను నిలవడాలె, నలుగురు చూడాలె.

అడిగే పని నా మీద పడ్డది. ఎన్నో పంచాయితీలు తెంపిన మనిషిని, ధీమాగనే పోయిన.

"ఇస్త బావా. చిన్నమ్మ అడిగితె ఇయ్యనా?" అన్నడు. "గని పూలు వద్దు."

"పెండ్లి కారుకు పూలు లేకుంటె ఎట్లర?"

"టేపు జిగురు రంగును పట్టుకుంటది. దండల తీగెలు గీకుతయ్."

"మరి పెండ్లి కారని ఎట్ల తెలుస్తది?"

"పిల్ల లోపట ఉంటది కద."

"అక్షింతలు?"

"కారుకు దూరంగ ఏసుకోండ్రి."

"ఆడోళ్లు?"

"ఆనుకోవద్దు. గాజులుంటయ్."

"మరి నేను?"

నన్ను పైనుంచి కిందికి చూసిండు. "నీ బెల్టు బావా. దాని బకిల్ ఇనుపది."

సంఘం మాజీ అధ్యక్షుని బెల్టు ఇప్పిచ్చిన మొగోడు జిల్లాల ఇంకొకడు లేడు. ఆ పెండ్లికి నేను ధోతి కట్టుకొని పోయిన.

పెండ్లికి ముందటి రోజు కారు కడిగి, వ్యాక్స్ పెట్టి, నా మీసంల తెల్లవెంట్రుకలు లెక్కపెట్టేటట్టు మెరిపిచ్చిండు. సంపత్ వాకిట్ల రేకుల కింద నిలిపి, మీద దుప్పటి కప్పి పోయిండు. తెల్లారి తానం చేసి, కొత్త అంగీ తొడిగి, నన్ను ఎంట పెట్టుకొని వచ్చిండు.

వాకిట్ల దుప్పటి ఓ మూలకు పడి ఉన్నది. మొగిలవ్వ కొంగు నడుముకు చెక్కుకొని, ఓ చేతిల బూడిద గిన్నె, ఓ చేతిల కొబ్బరి పీచు పట్టుకొని కారు పక్కన నిలవడ్డది.

"అచ్చినవా కొడుకా. గాలికి దుప్పటి జారింది, పిట్ట రెట్ట ఏసింది. పెండ్లి బిందెలు తోముతున్న కద, గదే చేత్తోని కారు కూడ తోమిన. ముంగట అయ్యింది, ఈ పక్క తలుపులు అయినయ్. ఆ పక్క మిగిలింది. బూడిద ఒడిసింది."

అప్పుడే పొద్దుటి ఎండ రేకుల కిందికి దూరి బానెట్ మీద పడ్డది. ఏం చెప్పాలె. రాట్నం తిప్పినట్టు, గుండ్రంగ, గుండ్రంగ, బానెట్ నిండ గీతలే. సంపత్ తల పట్టుకున్నడు. నేను చంద్రమౌళి కూలవడితె పట్టుకుందామని ఎనుకకు జరిగి నిలవడ్డ. నా తువ్వాలకే నడుము పట్టుకొని లేపిన మనిషి, ఈ ముసలమ్మను ఏం జేస్తడో అని నా భయం.

చంద్రమౌళి చూస్తున్నడు. మొగిలవ్వ ఆయన మొఖం చూస్తున్నది. చూసి చూసి పీచును మెల్లగ కొంగు చాటుకు పెట్టుకున్నది.

"ఏంది కొడుకా, మాట్లాడవ్? పాడు జేసిన్నా?"

నేను నిజం మాట్లాడే మనిషిని. అందుకే రెండు మార్లు గెలిచిన. చెప్పుదామని నోరు తెరిచేవరకు చంద్రమౌళి నా కాలు తొక్కిండు. గట్టిగనే తొక్కిండు.

"పాడెందుకైతది చిన్నమ్మా" అన్నడు. "ఆ రెట్ట ఎట్ల తీయాల్నో అని నేనే రందిపడేటోన్ని. నువ్వే తీస్తివి. బిందె లెక్క మెరుస్తున్నది."

"నిజంగనా?"

"బావను అడుగు."

అందరు నా దిక్కు చూసిండ్రు. "మెరుస్తున్నది చిన్నత్తా" అన్న. కాలు నొస్తున్నది కూడ.

"సంపత్, పూలేవిర?" అన్నడు చంద్రమౌళి.

"నువ్వు వద్దంటివి కదన్నా. మంటపానికని పెట్టిన."

"తీస్కరా. ఉన్నయన్ని తేపో. టేపు కూడ."

బంతిపూలు, చామంతిపూలు, గులాబీలు. చేతికి దొరికిన దండనల్ల తీసుకొని మనోడే టేపు కొరికి కొరికి అంటిస్తున్నడు. బానెట్ మీద, ఆమె తోమిన తలుపుల మీద నల్లరంగు అన్నది లేకుండ చేసిండు. నేను పక్కకు పోయి మెల్లగ అడిగిన, "టేపు జిగురు పట్టుకుంటదంటివి కదర?"

"పట్టుకోని బావా. అక్కడ ఎండల ఎవడో ఒకడు 'కారు ఎవలు గీకిండ్రు' అంటడు. చిన్నమ్మ ఇంటది."

కోరుట్లల ఫంక్షన్ హాల్ ముంగట కారు ఆగంగనే మొగపెండ్లోళ్లు ఆగి చూసిండ్రు. "ఇది కారా, బతుకమ్మనా?" అన్నడు ఒకాయన. జ్యోతి దిగింది. పక్కపొంటి మొగిలవ్వ దిగింది. ఫొటోలాయన నిలవడుమంటె, చేతినిండ గాజులేసుకున్న చెయ్యి తలుపు మీద ఆనిచ్చి, తల పైకెత్తి నిలవడ్డది. చంద్రమౌళి ఆ గాజుల దిక్కు ఒక్కసారి చూసి, "మంచిగ ఆనుకో చిన్నమ్మా, ఫొటో బాగస్తది" అన్నడు.

అదను చూసి నేను కూడ ఓ పక్కకు ఆనుకోబోయిన.

"బావా, బెల్టు."

"ధోతి కట్టుకున్నర."

"అయితె వాచీ."

పెండ్లయినంక మనోడు కారును నీడకు పెట్టి, పాలిష్ తీసుకొని, అరచెయ్యంత జాగ అయినంక ఇంకో అరచెయ్యంత జాగ రుద్దుకుంట కూసున్నడు. సన్న గీతలు పోయినయ్. లోతుగ పడ్డయి మాత్రం నాకు కనపడకున్నా ఆయనకు కనపడ్తనే ఉంటయ్. కారు మళ్ల మెరిసింది. మెరిసింది తన బూడిదతోనే అని మొగిలవ్వ వాడంత చెప్పుకున్నది. అంతటితోని ఆగితె మంచిగుండు. ఎవరింట్ల బండి ఉంటె వాళ్లింటికి గిన్నె, పీచు పట్టుకొని బయలెల్లింది.

ఇప్పుడు చంద్రమౌళికి కొత్త పని పడ్డది. ఆమె ఎవరింటికి పోవాలనుకుంటున్నదో ముందుగాలనే తెలుసుకుంటడు. రెండు బకెట్లు పట్టుకొని ఆమెకంటె ముందు పోయి వాళ్ల బండి కడిగి పెట్టి వస్తడు. నరేశ్ ఆటో అట్లనే మెరిసింది. పోచవ్వ అల్లుని మోటర్ సైకిల్ అట్లనే మెరిసింది. తన కారును ఎవరిని ముట్టనియ్యని మనిషి, వాడల అందరి బండ్లు ముడుతున్నడు.

నిన్న మొగిలవ్వ మా ఇంటికే వచ్చింది. "రాజమల్లు అల్లుడా, నీ స్కూటర్ తోమి పెడ్త" అన్నది. నేను మాట మళ్లిచ్చేటందుకు నా పదవుల ముచ్చట మొదలుపెట్టిన. అంతల చంద్రమౌళి నా స్కూటర్ తోసుకుంట గేట్ల నుంచి వచ్చిండు. తెల్లారంగనే విజయను అడిగి తీసుకపోయిండట. కొన్న నాడు కూడ అది గట్ల మెరువలేదు.

"ఎవలు తోమిండ్రు కొడుకా?"

"నేనే చిన్నమ్మా. నువ్విచ్చిన బూడిద జర మిగిలుండె."

మొగిలవ్వ స్కూటర్ చుట్టు తిరిగి చూసింది. "చూస్తివా అల్లుడా, బూడిదను మించింది లేదు."

"లేదు చిన్నత్తా" అన్న. ఆమె సంతోషంగ పోయింది.

ఇక నా స్కూటర్ ను నేను చూసుకుందామని చెయ్యి చాపిన.

"ముట్టకు బావా" అన్నడు చంద్రమౌళి. "వ్యాక్స్ ఆరలే."