ఏ ఎస్సార్బీ? పాతదా, కొత్తదా?

నిన్న పొద్దున గ్రూప్‌లో మెసేజ్. "మన ఎస్సార్బీ పోయినాడు."

ఏ ఎస్సార్బీ?

ఎస్సార్బీ అంటే మా నాయన. నాయన పోయి శానా ఏండ్లయింది. మళ్లీ యాడికి పోతాడు?

ఎవడో ఫేక్ ఫార్వర్డ్ పెట్టినాడని డౌటు పడి ఫోన్ చేస్తే తెలిసింది. పోయింది రంగన్న మామ.

షాక్.

ఆ వెంటనే ఒళ్లు మండింది. పోతా పోతా కూడా మా పేరేనా మామా?

తెలియనోళ్లకి చెప్తా. డెబ్బైలలో అనంతపురం బస్టాండు దగ్గర మాది శ్రీ రేణుకా భవన్. రేణుకమ్మ మా అవ్వ, నాయనకి తల్లి. బోర్డు మీద మాత్రం ఇంగ్లీషులో మూడక్షరాలే, ఎస్.ఆర్.బి. అప్పట్లో అదే స్టైలు.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అంటే జనం ఎస్సార్బీకే వస్తాండ్రి. ఆ చేయి రంగన్న మామది. మా వంట మాస్టర్.

ఒకరోజు ఉన్నట్టుండి మానేసినాడు. కొన్నాళ్లకి మా ఎదురుగానే హోటల్ తెరిచినాడు.

బోర్డు చూస్తే ఎస్.ఆర్.బి.!

నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. "మా అమ్మ పేరురా అది, దొంగనాయాలు ఎత్తుకపోయినాడు" అన్నాడు.

ఇంగ ఆ దినం నుంచి మాకు అందరి మీదా అనుమానమే. రాప్తాడు నుంచి పాలు తెచ్చే ఆయప్ప రోడ్డు దాటితే అనుమానం. మా కస్టమర్ చట్నీ వదిలేస్తే అనుమానం, ఆడ తినొచ్చినాడేమో అని. గల్లాలో కూర్చుని నేను చేసిన పని అదే. ధర్మవరం చీరల షావుకారు పెండ్లి ఆర్డర్ పొరపాటున ఆడికి పోయిందంట.

పొరపాటా? నేనైతే ఇప్పటికీ నమ్మను.

నాయన కేసేసినాడు. "ఎస్.ఆర్.బి. అంటే ఏమి?" అని జడ్జి అడిగితే మామ "శ్రీ రంగ భవన్ సామీ" అన్నాడు. తర్వాతి వాయిదాకి "శ్రీ రాఘవేంద్ర భవన్" అన్నాడు.

నాయన ఎగిరి లేచినాడు. "చూస్తిరా సార్! పూటకో పేరు!"

కేసు గెల్చినాం. బోర్డు మార్చాలన్నారు. మామ మార్చినాడు.

ముందర "న్యూ" అని చేర్చినాడు!

అంతే, ఊరంతా ఆయనది కొత్త ఎస్సార్బీ, మాది పాత ఎస్సార్బీ. కొత్తది ఎదురుగా ఉంటే పాతదానికి ఎవడొస్తాడప్పా? గెల్చి మునిగినాం. ఎనభైలు దాటకముందే షట్టర్ దించినాం. ఇదంతా ముందే వేసిన ప్లానని నాయన చివరిదాకా అంటాండె.

నిన్న మామ ఇంటికి పోయినా. సగం ఏడ్చేకి, సగం ఏమన్నా తెలుస్తుందేమో అని. ఇంటి గేటు మీద కూడా అవే అక్షరాలు. ఆగలేక అడిగేసినా.

"అత్తా, ఇప్పుడన్నా చెప్పు. దీనికి అర్థమేంది?"

"మీ మామకి తెలిస్తే కదప్పా" అనింది అత్త. "సదువే రాదు. మీ నాయన బొగ్గుతో గోడ మీద రాసి నేర్పిన అక్షరాలు అవి మూడే. ఇంగ్లీషులో హోటల్ అని రాయాలంటే అట్లే రాస్తారనుకున్నాడు."

"మరి కోర్టులో చెప్పచ్చు కదా?"

"అంతమంది ముందర సదువు రాదని చెప్పేకి సిగ్గుపడినాడు. 'ర'తో మొదలయ్యే పేరేదన్నా చెప్పమని లాయరు అంటే నోటికొచ్చిన దేవుని పేరు చెప్పినాడు. న్యూ అని పెట్టమనింది కూడా ఆ లాయరే."

అబద్ధం దొరుకుతుందేమో అని అత్త మొహం చూస్తా నిలబడినా. దొరకలేదు.

ఈ ఒక్క మాట వినకుండానే నాయన పోయినాడు.

పోయిరా మామా. ఆడ నాయన కనపడితే సిగ్గుపడద్దు, సదువు రాదని చెప్పెయ్. మిగతా అక్షరాలు కూడా ఆయనే నేర్పిస్తాడు.

ఇద్దరూ ఒకే బోర్డు కింద ప్రశాంతంగా ఉండండి.