ఆటలో కట్టిన పరంజా

సాయంత్రం పని నుంచి వచ్చాక, పొయ్యి వెలిగించే ముందు, నాకంటూ ఒక అరగంట ఉంటుంది. దాని కోసం, వరసగా ఒంటిగది ఖోలీలుండే మా చాల్‌లో చాలామందితో తగువు పెట్టుకున్నాను. కామాటిపురలో ఒక ఆడపిల్ల గదుల ముందున్న గ్యాలరీ చివర కూర్చుని ఫోన్‌లో తల దూర్చిందంటే ఎవడితోనో మాట్లాడుతోందనే లెక్క. ఆట ఆడుకుంటున్నానంటే ఎవరూ నమ్మలేదు. పక్క ఖోలీ ఆమె ఒకసారి నా భుజం మీద నుంచి తొంగిచూసింది. తెర మీద ఒక బొమ్మ రాళ్లు కొట్టుకుంటూ కనబడేసరికి, దీనికంటే ఎవడితోనైనా మాట్లాడినా నయమే అన్నట్టు మొహం పెట్టి వెళ్లిపోయింది.

నేను పనిచేసేది పక్క గల్లీలోనే, కుట్టిన చొక్కాలకు మిగిలిన దారాలు కత్తిరించే కార్ఖానాలో. పొద్దున లోపలికి వెళ్లగానే ఫోన్లన్నీ సేటు దగ్గర డబ్బాలో వేయాలి. మళ్లీ అది చేతికొచ్చేది ఇంటికి బయల్దేరేటప్పుడే. నా ఫోన్ పాతది. ఫోరస్ రోడ్డు మీద రిపేరు కొట్లో కొన్నాను, ఒక మూల పగిలి ఉంది. అందులో కొత్తగా ఏదైనా పట్టాలంటే పాతది ఏదో ఒకటి పోవాలి. పిన్ని కూతురి పెళ్లి ఫొటోలన్నీ తీసేస్తే ఈ ఆటకు చోటు దొరికింది. వాటిలో నేను ఎక్కడా బాగా పడలేదు కాబట్టి పెద్దగా బాధపడలేదు. నెట్ కట్టేసి ఆడితే ప్రకటనలు రావు, ఆట మాత్రం నడుస్తుంది. ఈ ఉపాయం కార్ఖానాలో కాజాలు కుట్టే అమ్మాయి చెప్పింది.

ఆటలో మొదట ఏమీ ఉండదు, ఖాళీ నేల. చెట్లు కొట్టి, రాయి తవ్వి, దిమ్మలు చేసుకుని, ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు. నేను ఇల్లు కట్టుకున్నాను. లోపలే స్నానాల గది, దానికి తలుపు, రెండు పక్కలా కిటికీలు, ఎవరూ పడుకోని గదులు ఇంకా ఎన్నో. పొద్దున్నే డబ్బా పట్టుకుని సండాసు లైన్లో నిలబడేవాళ్లను అడగండి ఆ గదుల విలువ ఎంతో. ఆ అరగంట నేను నిజంగా సంతోషంగా ఉండేదాన్ని. ఒళ్లంతా దారాలు, పీచు అంటుకుని ఉన్నా సరే.

ఇప్పుడు మా నాయన సంగతి చెప్పాలి. మా నాయన మేస్త్రీ. మహబూబ్‌నగర్ వైపు నుంచి పడుచు వయసులో వచ్చి, ఈ ఊళ్లో ఎన్ని మేడలు లేపాడో ఆయనకే గుర్తులేదు. ఆయన చేతి కింద ఒకతను ఉండేవాడు. మా వైపువాడే, నాయనే ఊరి నుంచి తీసుకొచ్చి పని నేర్పాడు, మామా అని పిలిచేవాడు. ఒకరోజు అతను పరంజా మీద నుంచి పడి అక్కడికక్కడే పోయాడు. కాలు జారిందని నాయన చెప్పాడు. పోలీసులకూ అదే చెప్పాడు, అతని భార్యకూ అదే చెప్పాడు. ఆ రోజు తర్వాత నాయన కూలీలు నిలబడే నాకా దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. ఖోలీలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అడిగితే ఒక మాట చెప్పేవాడు, లేకపోతే అదీ లేదు. రెండు వానాకాలాలు అలాగే గడిచాయి. అమ్మ ఫ్లాట్లలో గిన్నెలు తోమి తెచ్చింది, నేను దారాలు కత్తిరించి తెచ్చింది, దానితోనే ఇల్లు నడిచింది. ఆయన పనికి వెళ్లకపోయినా పర్వాలేదు, నోరు విప్పితే చాలని అమ్మ మొక్కని దేవుడు లేడు.

వాన జల్లు గ్యాలరీలోకి కొడుతున్న ఒక సాయంత్రం నేను లోపలే, ఆయన పక్కనే కూర్చుని ఆడుతున్నాను. ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నాను. నా బొమ్మ గోడ అంచు మీద నిలబడి దిమ్మ మీద దిమ్మ పెడుతోంది. నాయన ఎప్పటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"పరాంచి ఏది?" అన్నాడు. పరాంచి అంటే పరంజానే, ఇక్కడ అలాగే అంటారు.

ఆటలో అది అక్కర్లేదని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. దిగమన్నాడు. కింది నుంచి కర్ర దిమ్మలు నిలబెట్టించాడు, వాటి మీద చెక్కలు పరిపించాడు, చెక్కల చివర కంచె కట్టించాడు. పొయ్యి దగ్గరున్న అమ్మ గరిటె పట్టుకుని మావైపు తిరిగి నిలబడిపోయింది. రెండేళ్లలో ఆయన అన్ని మాటలు కలిపి మాట్లాడింది అదే మొదటిసారి.

మర్నాడు నేను చెప్పులు విడవకముందే ఫోన్ కోసం చూశాడు. ఆయనకే ఇద్దామనుకున్నాను. కానీ ఫోన్‌కు ఆయన వేళ్లు తెలియలేదు. సిమెంటు తిని తిని గట్టిపడిన వేళ్లు, ఎంత నొక్కినా తెర కదలదు. రేషన్ దుకాణంలో మెషీన్ కూడా ఆయన వేలిని ఒప్పుకోదు, అమ్మే వెళ్లి పెట్టాలి. కాబట్టి ఆయన చెప్పడం, నేను చేయడం. ఏ మేస్త్రీ చేతి కిందా పని చేయకూడదనే నన్ను పదో తరగతి దాకా చదివించాడు. చివరికి నా అరగంటలో ఆయనకే కూలీనయ్యాను.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత నాకు ఒళ్లు మండడం మొదలైంది. గోడ ఒక్క దిమ్మ కూడా లేవడం లేదు. రోజూ చెట్లు కొట్టడం, చెక్కలు కోయడం, పరంజా పెంచడం. ఒక్క చెక్క వంకరగా పడితే మొత్తం వరస తీయించేవాడు. ఇల్లు కనబడకుండా పోయింది, చుట్టూ కర్రలే. కార్ఖానాలో సేటు మాట వినాలి, ఇంట్లో పొయ్యి మాట వినాలి, మధ్యలో ఉన్న ఆ కాస్తా ఇలా పోతుంటే ఏడుపొచ్చేది. ఒకరోజు ఆపుకోలేక, ఆదివారమైనా నా ఆట నన్ను ఆడుకోనీయమని అరిచాను. ఆయన సరేనని తల ఊపాడు. ఆదివారం నేను గ్యాలరీలో కూర్చుంటే గడప దగ్గర నిలబడి దూరం నుంచే తెర వైపు చూస్తున్నాడు. అలా ఎవరైనా చూస్తుంటే ఏం ఆడగలం? లోపలికి వచ్చేసి, చెప్పు ఎక్కడ కట్టాలో అన్నాను. పడుకునేటప్పుడు అమ్మ నా తల నిమిరి, మాట్లాడుతున్నాడు కదా, ఆడనీయి, అంది.

నిజమే, మాట్లాడుతున్నాడు. నాకాకు వెళ్లొస్తానని కూడా ఒకసారి అన్నాడు. అమ్మ ఆయన పని చొక్కా పెట్టె అడుగు నుంచి తీసి ఉతికింది.

పరంజా చాలా ఎత్తుకు పోయింది. ఆ రోజు కార్ఖానాలో పెద్ద ఆర్డరు, పొద్దుట్నుంచి తల ఎత్తలేదు, కళ్లు మంటలు. నాయన పై వరసకు ఎక్కమన్నాడు. ఆ చివరన ఇంకా కంచె కట్టలేదు. ముందుకు నడిపిస్తూ నా బొటనవేలు తెర మీద ఒక్క క్షణం ఎక్కువ ఉంది. బొమ్మ అంచు దాటింది.

నాయన చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు. తెర ఎర్రబడింది. ఇలాంటిది నాకు వందసార్లు జరిగింది కాబట్టి అలవాటుగా బటన్ నొక్కాను. బొమ్మ ఇంట్లో మంచం పక్కన లేచి నిలబడింది. నాయన ఇంకా నా మణికట్టు వదలకపోతే నాకు నవ్వొచ్చింది.

"ఏం కాలే నాయినా. సూడు, లేసిండు."

"గింతేనా?" అన్నాడు.

ఆటలో పడిపోతే చేతిలో ఉన్నవన్నీ పడినచోటే చెల్లాచెదురవుతాయి. అవి ఏరుకోవడానికి బొమ్మను పరంజా కిందికి తీసుకెళ్లాను. గొడ్డలి, పార, చెక్కలు నేల మీద పడి ఉన్నాయి. వాటిని చూసిన నాయన మొహం నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను. ఫోన్‌ను అరచేత్తో మూసేశాడు.

"వాని కాలు జారలే బిడ్డా. కింద స్లాబుకు చెక్కలు కమీ పడ్డయి. నేనే పరాంచికెళ్లి రెండు తీపిచ్చిన. అన్నం తిన్నంక మల్ల ఏపిద్దామనుకున్న. వానికి చెప్పలే."

అమ్మ పొయ్యి ఆపేసింది. నాకు కోపం వచ్చింది, భయం వేసింది, ఆయన్ను పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. వీటిలో ఏదీ చేయలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ తినలేదు.

పొద్దున్నే ఆయన ఆ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నాకాకు కాదు, చనిపోయినతని భార్య ఉండే గల్లీకి వెళ్లాడు. ఆమె కూడా అమ్మతోపాటే ఫ్లాట్లలో పని చేస్తుంది, ఇద్దరూ ఒకే బస్సు. అమ్మ వెంట వెళ్లింది కాబట్టి తర్వాత నాకు చెప్పింది. ఆమె గడపలో కూర్చుని కూర తరుగుతోందట. నాయన నిలబడే అంతా చెప్పాడట. ఆమె మళ్లీ చెప్పమందట, మళ్లీ చెప్పాడట. అరవలేదు, దుమ్మెత్తి పోయలేదు. ఒక్క మాట అడిగిందట.

"గిన్ని దినాలు చెప్పలే. మల్ల ఇయ్యాల ఎందుకు చెప్పినవ్?"

కూతురి ఫోన్‌లో ఒక బొమ్మ పడి లేచిందని, అది చూశాక చెప్పకుండా ఉండలేకపోయానని, మొగుడు పోయిన మనిషితో నాయన ఎలా అంటాడు? చేతులు జోడించి అక్కడే నిలబడితే, అమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

చెప్పేస్తే గుండె బరువు దిగుతుందంటారు. మా ఇంట్లో దిగలేదు. ఆమె ఇప్పుడు బస్ స్టాప్‌లో అమ్మ కోసం ఆగదు, ముందు బస్సుకే వెళ్లిపోతుంది. తప్పు ఆమెది కాదు. నాయన మళ్లీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొదటి రెండేళ్లలో అడిగితే ఒక మాటైనా చెప్పేవాడు, ఇప్పుడు అదీ లేదు. నా చేతిలో ఫోన్ కనబడితే మొహం గోడ వైపు తిప్పుకుంటాడు.

ఆట తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను. తీయలేదు. రోజంతా నిలబడి వచ్చినదాన్ని, నాకు వేరే ఏముంది? ఆ ఇల్లూ పరంజా అలాగే వదిలేసి, అవి కనబడనంత దూరం నడిచి, ఇంకోచోట నేల మీద ఒంటి గది కట్టుకుంటున్నాను. దిమ్మ పెట్టినప్పుడల్లా ఫోన్ టక్‌మని మోగుతుంది, ఆ చప్పుడుకు లోపల ఆయన ఉలిక్కిపడతాడు. అందుకని గ్యాలరీ చివర కూర్చుని, శబ్దం పూర్తిగా తీసేసి ఆడుతున్నాను. ఇప్పుడు అరగంట మొత్తం నాదే.