చిన్నమ్మ కట్టిన తల్లి వేషం

మా చిన్నమ్మ సినిమా చూసొచ్చిందంటే కొత్తవాడలో మా ఇంటి చుట్టుపక్కల మగ్గాలన్నీ కాసేపు ఆగేవి. పాటలతో సహా కథంతా చెప్పేది. నచ్చని చోటల్లా మార్చేసేది. "సినిమాల గట్ల లేదు గదా చిన్నమ్మా?" అని అడిగితే, "వాళ్లకు తెల్వక అట్ల తీసిండ్రు" అనేది.

అట్లా ఆమె నోట విన్న ఒక సినిమానే డెబ్బైల చివర్లో మా వాడ ఆడవాళ్లం పాటల నాటకంగా వేశాం. పక్కింటి అక్క కాటుకతో మీసం దిద్దుకుని హీరో అయింది. నేను చెల్లెలిని. చిన్నమ్మది తల్లి వేషం. ఇంటి కోడలు స్టేజీ ఎక్కుడేందని వాళ్లత్త ఆమెతో మాటలు బంద్ చేసింది.

వినాయక చవితి పందిట్లో ఆట. చూడ్డానికి రానన్న ఆ అత్తే పాటలు మొదలయ్యేసరికి ముందు వరుసలో కూర్చుని ఉంది. చివర్లో తల్లి కొడుకు ఒళ్లో పాడుతూ పాడుతూ కన్నుమూయాలి. చిన్నమ్మ ఎంత బాగా చచ్చిపోయిందంటే, అత్త గుండె బాదుకుంటూ లేచింది.

"అయ్యో, నా కోడలా! ఎవలన్న దవాఖానకు తీస్కపోండ్రి!"

హార్మోనియం ఆగిపోయింది. చచ్చిన తల్లి లేచి కూర్చుంది.

"నాకేం గాలేదత్తమ్మా, ఫికర్ జెయ్యకు. జర పాట అయిపోనియ్యి."

పందిరంతా ఒకటే నవ్వులు, చప్పట్లు. చిన్నమ్మ మాత్రం కళ్లు తుడుచుకుని, నిలబడి మళ్లీ పాట ఎత్తుకుంది.

తర్వాత పక్క వాడవాళ్లు కూడా ఆ నాటకం వేయమన్నారు. రిహార్సల్‌కు అత్త కూడా వచ్చి కూర్చుంది. తల్లి చనిపోయే సీను రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"గది తీసెయ్యుండ్రి. నా కోడలు సావదు."